విద్యాలయ రంగస్థలం: భూమికల పంపకం

నాటకం ఎవరు ఆడాలి, అందులో ఎవరికి ఏ వేషం దక్కాలి అన్న ప్రశ్న మనదేశంలో నాటకమంత ప్రాచీనమైనది. నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయంలోనే అది ఎదురవుతుంది. బ్రహ్మ నాట్యవేదాన్ని సృష్టించి భరతమునికి ఇచ్చాడు. భరతుడు దానిని తన నూరుగురు కుమారులకు నేర్పి, ఎవరు దేనికి తగుదురో చూచి వారికి పనులు ఒప్పగించాడు. భారతి, సాత్వతి, ఆరభటి అనే మూడు వృత్తులతో ప్రయోగం సిద్ధమైనది. కైశికిని కూడ చేర్చుమని బ్రహ్మ ఆదేశించగా, ఆ సుకుమార వృత్తి కేవలం పురుషులవల్ల సాధ్యం కాదని భరతుడు విన్నవించాడు. అప్పుడు బ్రహ్మ అప్సరసలను సృష్టించి ఇచ్చాడు. దీనిని పురాణకథగా చదివి విడిచిపెట్టవచ్చు. కాని ఇందులో ఒక విద్యాలయ వృత్తాంతం ఉన్నది: ఒక గురువు, నూరుగురు శిష్యులు, సిద్ధం కావలసిన ఒక ప్రదర్శన, తగినవారు దొరకని కొన్ని వేషాలు.

ఆ శాస్త్రమే చివరి అధ్యాయాలలో భూమికల పంపకాన్ని గురించి విడిగా చెప్పినది. నటుని ఆకృతి, నడక, మాట, చేష్ట, వీటిని ఆచార్యుడు ముందు పరీక్షించి, ఆ తరువాతనే వేషం నిర్ణయించాలి. పాత్రకూ నటునికీ గల సంబంధం మూడు విధాలు. స్త్రీ స్త్రీవేషాన్నీ, పురుషుడు పురుషవేషాన్నీ వయస్సుకు తగినట్లు ధరిస్తే అది అనురూప. బాలుడు వృద్ధుని వేషంలోనో, వృద్ధుడు బాలుని వేషంలోనో కనిపించి, తన స్వభావాన్ని దాచుకొనలేకపోతే అది విరూప. పురుషుడు స్త్రీవేషం ధరిస్తే రూపానుసారిణి. స్త్రీ పురుషవేషం ధరించటానికి కూడ శాస్త్రం అనుమతిస్తున్నది. పోణంగి శ్రీరామ అప్పారావు తెలుగులోనికి తెచ్చిన నాట్యశాస్త్రానికి 1960లో సాహిత్య అకాదెమీ పురస్కారం లభించినది గనుక ఈ విభాగం తెలుగు పాఠకులకు కొత్తది కాదు.

వృత్తి నాటకసమాజానికి ఈ మూడింటిలో మొదటిది దొరికితే చాలు. వేషానికి తగిన మనిషిని వెదకి, జీతమిచ్చి తెచ్చుకొంటుంది. విద్యాలయం స్థితి వేరు. అక్కడ నటులందరూ ఇంచుమించు ఒకే వయస్సువారు. ఇరవై ఏండ్ల యువకుడే లియర్ మహారాజు కావాలి, అతని తోటివాడే విదూషకుడు కావాలి. విరూపం అక్కడ నిత్యకృత్యం. పైగా వచ్చినవాడు నేర్చుకొనటానికి వచ్చాడు. బాగా చేయగలవానికే ప్రతి వేషమూ ఇస్తే ప్రదర్శన రాణిస్తుంది, తక్కినవారి చదువు వెనుకబడుతుంది. అందరికీ సమంగా పంచితే చదువు సాగుతుంది, ప్రేక్షకుడు విసుగుకొంటాడు. ఈ చిక్కును తీర్చటానికి వేర్వేరు విద్యాలయాలు వేర్వేరు కాలాలలో చేసికొన్న నియమాలను పరిశీలిస్తే, రంగస్థలం మీద ఎవరికి హక్కు ఉన్నదని ఆయా సంస్థలు భావించినవో తెలుస్తుంది.

మన కళాశాలలకు నమూనాగా నిలిచిన ఆంగ్ల విశ్వవిద్యాలయాలు రెండూ ఈ విషయంలో రెండు దారులు త్రొక్కినవి. కేంబ్రిడ్జిలో 1855లో ఎఫ్.సి. బర్నాండ్ స్థాపించిన విద్యార్థి నాటకసంఘంలో ఆడవేషాలు మగవారే వేసేవారు. ఆ పద్ధతి 1930ల వరకు సాగినది. ఆక్స్‌ఫర్డ్‌లో 1885లో నాటకసంఘం ఏర్పడినప్పుడు వైస్ చాన్సలరు బెంజమిన్ జోవెట్ రెండు షరతులు విధించాడు. షేక్స్‌పియర్ నాటకాలో గ్రీకు నాటకాలో తప్ప ఆడరాదు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించాలి. రెండవ షరతు పైకి ఉదారంగా కనిపిస్తుంది. దాని వెనుక ఉన్నది మాత్రం, పురుష విద్యార్థులు స్త్రీల దుస్తులలో కనిపించటం విద్యాపీఠ మర్యాదకు భంగమన్న భయం. విద్యార్థినులకు ఆ సంఘంలో చాలాకాలం సభ్యత్వం లేదు. నాయికలు బయటినుంచి రావలసివచ్చినది. ఈ విధంగా ఒకచోట స్త్రీ లేనేలేదు, మరొకచోట అతిథిగా వచ్చినది. 1907లో ‘డాక్టర్ ఫాస్టస్’ నాటకంతో ఆరంభమైన కేంబ్రిడ్జి మార్లో సంఘం మరొక నియమం పెట్టుకొన్నది: ప్రదర్శన పత్రంలో నటుల పేర్లు ప్రకటించరాదు. కీర్తి ఒక్కనికి చెందకుండ, పని అందరిదీ కావాలన్న ఆలోచన దానిలో ఉన్నది.

భారతదేశంలో చిక్కు ఇంకా లోతైనది. 1873లో కలకత్తాలోని బెంగాల్ థియేటరు, మైకేల్ మధుసూదన దత్తు సలహామీద, నటీమణులను రంగస్థలం మీదికి తెచ్చినది. వారు వేశ్యాకుటుంబాలనుంచి వచ్చినవారు. ఆ చర్యకు సమ్మతించలేక ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఆ నాటకశాల సలహాసంఘంనుంచి తప్పుకొన్నాడు. వితంతు వివాహానికై జీవితాన్ని ధారపోసిన మహానుభావునికే అది సహ్యం కాలేదంటే, తక్కిన భద్రలోకపు మనఃస్థితి ఊహించవచ్చు. నటి అన్న మాటకు అంటిన మచ్చవల్ల చదువుకొన్న ఇంటి ఆడపిల్ల రంగం ఎక్కటం దుస్సాధ్యమైనది. ఆ ఖాళీని పురుషులు పూరించినారు. మరాఠీలో బాలగంధర్వుడు, గుజరాతీలో జయశంకర్ ‘సుందరి’, తెలుగులో స్థానం నరసింహారావు ఆ పూరణను మహాకళగా మార్చినారు. స్థానంవారి సత్యభామనూ చింతామణినీ చూచినవారికి రూపానుసారిణి అన్న మాట అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. అదే కాలంలో బళ్లారి రాఘవ స్త్రీపాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుపట్టి, కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటి గృహిణులను రంగం మీదికి తెచ్చాడు. ఒకే తెలుగు రంగస్థలం మీద రెండు వాదాలు ఎదురెదురుగా నిలిచినవి: ఒకటి కళాకౌశలాన్ని ప్రమాణంగా చూపినది, రెండవది న్యాయాన్ని. కళాశాలల నాటకసంఘాలు చాలాకాలం మొదటి దారినే నడిచినవి. స్థానంవారి వంటి ప్రతిభ ఆ పద్ధతికి సమర్థన కాగలదు. ఆడపిల్లలు లేనందువల్ల మీసం గీసుకొని చీర కట్టిన ప్రతి కుర్రవానికీ ఆ సమర్థన వర్తించదు.

ఈ ముడిని విప్పటానికి తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది శాంతినికేతనంలో జరిగినది. 1901లో రవీంద్రనాథ ఠాకూరు అక్కడ నెలకొల్పిన బ్రహ్మచర్యాశ్రమం బాలుర పాఠశాల. నాటకం అక్కడి జీవితంలో భాగం. ఠాకూరుల ఇంటిలో స్త్రీలు నటించటం కొత్త కాదు. 1881లో జోడాసాంకో భవనంలో ‘వాల్మీకి ప్రతిభ’ ఆడినప్పుడు రవీంద్రుడు వాల్మీకి, అతని అన్న కుమార్తె ప్రతిభ సరస్వతి. కాని ఇంటి ముంగిలిలో చెల్లినది పాఠశాలలో చెల్లదు. బాలురకు ఆడవేషాలు కట్టించటమా, నాటకమే మానటమా అన్న ప్రశ్నకు రవీంద్రుడు కవిగా సమాధానం చెప్పాడు. 1908లో వ్రాసిన ‘శారదోత్సవం’లో స్త్రీపాత్ర ఒక్కటి కూడ లేదు. సన్యాసివేషంలో తిరిగే రాజు, లోభియైన వర్తకుడు, తాతగారు, ఋణం తీర్చటానికి సెలవునాడు కూడ పనిచేసే ఉపనందుడు, వీరందరి చుట్టూ ఆడుతూ పాడుతూ తిరిగే బాలుర గుంపు. పెద్దపాత్రలు కొన్నే. గుంపులో ఎందరైనా చేరవచ్చు. గొంతు బాగున్నవాడు పాడతాడు, లేనివాడు పరుగెత్తుతాడు. ఎవరూ చూస్తూ కూర్చొనవలసిన పని లేదు. ఉపాధ్యాయులు పెద్దపాత్రలు ధరించి శిష్యులతో కలిసి ఆడినారు. 1915 నాటి ‘ఫాల్గుణి’లో కూడ యువకుల బృందానిదే ప్రధానస్థానం. 1916లో బాంకురా క్షామ బాధితుల సహాయార్థం దానిని జోడాసాంకోలో ప్రదర్శించినప్పుడు రవీంద్రుడు అంధుడైన బావుల్ గాయకుని వేషం వేశాడు.

భరతుడు వేషం కోసం మనుష్యులను అడిగితే, రవీంద్రుడు ఉన్న మనుష్యులకోసం వేషాలు కల్పించాడు. పద్దెనిమిది సంవత్సరాల తరువాత ఇదే సూత్రాన్ని అతడు తలక్రిందులుగా ప్రయోగించాడు. 1921లో విశ్వభారతి ఏర్పడినది; విద్యార్థినుల సంఖ్య పెరిగినది. 1926లో తన జన్మదినోత్సవానికై వ్రాసిన ‘నటీర్ పూజ’లో పురుషపాత్ర ఒక్కటీ లేదు. అజాతశత్రుని అంతఃపురంలోని శ్రీమతి అనే నర్తకి, రాజాజ్ఞ ఉల్లంఘించి బుద్ధస్తూపాన్ని నృత్యంతో అర్చించి ప్రాణం కోల్పోతుంది. ఆ వేషం ధరించినది చిత్రకారుడు నందలాల్ బోసు కుమార్తె గౌరి. మర్యాదగల ఇంటి పిల్ల రంగం మీద నృత్యం చేయటం, అందునా నాట్యకత్తె వేషంలో కనిపించటం ఆ కాలానికి చిన్న విషయం కాదు. బెంగాల్ థియేటరునాడు ఏ మాట మచ్చగా మారినదో, ఆ ‘నటి’ అన్న మాటనే కవి నాటకానికి పేరుగా పెట్టాడు.

1927లో అదే నాటకాన్ని కలకత్తాలో ప్రదర్శించవలసివచ్చినది. ఆశ్రమంలో చూచేవారు ఆత్మీయులు. నగరంలో చూచేవారు అపరిచితులు. అప్పుడు రవీంద్రుడు ఉపాలి అనే బౌద్ధభిక్షువు పాత్రను కొత్తగా చేర్చి, ఆ వేషం తానే ధరించాడు. నాటకానికి ఆ పాత్ర అత్యవసరం కాదు. అది లేకుండానే తొలి ప్రదర్శన జరిగినది. అరువదియైదేండ్ల గురువు రంగం మీద నిలబడటం బాలికలకు అవసరమైనది. నింద రాదలచుకొంటే ముందు అతనిమీద పడుతుంది. విద్యాలయ ప్రయోగ నియమాలలో ఎన్నడూ వ్రాయబడని నియమం ఇది: విద్యార్థిని ఎదుర్కొనవలసిన ప్రమాదంలో గురువు పాలు పంచుకొనాలి. 1936లో ‘చిత్రాంగద’ నృత్యనాటికను శాంతినికేతన బృందం ప్రదర్శించినప్పుడు కూడ కవి రంగం మీద ఒక ప్రక్కన కూర్చొని ఉండేవాడు.

శాంతినికేతనపు గాలి సింహళంలో కూడ ప్రసరించినది. 1939లో అక్కడికి వచ్చి సంగీతమూ తత్త్వశాస్త్రమూ అభ్యసించిన ఎదిరివీర శరచ్చంద్ర తరువాత సింహళ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైనాడు. ఆ విశ్వవిద్యాలయంలో నాటకమంటే చాలాకాలం ఇంగ్లీషు నాటకం. ఆచార్య లుడోవైక్ నాయకత్వంలో విద్యార్థులు షా మొదలైన పాశ్చాత్య రచయితల నాటకాలు ఎంతో నేర్పుతో ఆడినారు. అక్కడ ఆడపిల్లలు రంగం ఎక్కటానికి అడ్డు లేదు. అడ్డు భాషలో ఉన్నది. ఇంగ్లీషు ఇంటిభాషగా వచ్చినవానికే ప్రధానభూమిక సహజంగా దక్కుతుంది. ఏ నియమావళిలోనూ లేకున్నా అది నియమంగానే పనిచేస్తుంది. గొగోల్ వ్రాసిన ‘వివాహం’ నాటకానికి సింహళ అనుసరణ 1945లో రావటం మార్పుకు ఆరంభం.

1956 నవంబరు 3న కొలంబోలోని లయొనెల్ వెంట్ నాటకశాలలో శరచ్చంద్ర ‘మనమే’ ప్రదర్శితమైనది. నటులు పెరదెణియ విశ్వవిద్యాలయ విద్యార్థులు. ఇతివృత్తం చుల్లధనుగ్గహ జాతకంలోనిది. రూపం నాడగం అనే గ్రామీణ గేయనాటక సంప్రదాయం. దానిని నేర్పటానికి బలపిటియ ప్రాంతపు నాడగం గురువు చార్లెస్ సిల్వా గుణసింహ సహకరించాడు. పట్టా లేని పల్లెగురువు విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఆచార్యుడైనాడు. నాటకభాష మారగానే అర్హత కూడ మారినది: ఇప్పుడు కావలసినది ఇంగ్లీషు ఉచ్చారణ కాదు, శ్రుతి తప్పని కంఠం, తాళం తెలిసిన పాదం. బెన్ సిరిమాన్నె రాజకుమారుడు, ఎడ్మండ్ విజేసింహ వేటరాజు, శ్యామన్ జయసింహ కథ చెప్పే పోతేగురు. రాజకుమారి వేషాన్ని ఇద్దరు విద్యార్థినులు, ట్రిలీషియా, హేమమాలి, పంచుకొన్నారు. ఒకే వేషాన్ని ఇద్దరికి నేర్పటంలో విద్యాలయానికి రెండు లాభాలు ఉన్నవి. ఒకరు పరీక్షకు పోయినా ప్రదర్శన ఆగదు. ఒకే పాత్రను ఇద్దరు రెండు విధాలుగా అర్థం చేసికొన్నప్పుడు, చూచే తక్కిన విద్యార్థులకు అది పాఠం అవుతుంది. పట్టాలు పుచ్చుకొని విద్యార్థులు ఏటేటా వెళ్లిపోయే చోట వేషం ఎవరి సొత్తూ కాజాలదు. ఈ నాటకం దశాబ్దాల తరబడి, తరాలు మారుతూ, రంగం మీద నిలిచినది.

శాంతినికేతనంలో, పెరదెణియలో నాటకం చదువుతోపాటు సాగే ప్రవృత్తి. ఢిల్లీలో అది చదువే అయినది. 1959లో సంగీత నాటక అకాదెమీ జాతీయ నాటక విద్యాలయాన్ని నెలకొల్పినది. 1962నుంచి 1977వరకు దాని అధిపతి ఇబ్రహీం అల్కాజీ. పూనాలో పుట్టి, లండన్‌లోని రాయల్ నాటక అకాదెమీలో శిక్షణ పొందిన అల్కాజీ తన విద్యాలయానికి విధించిన నియమాలలో మొదటిది శ్రమకు సంబంధించినది. నటించదలచినవాడు రంగనిర్మాణం, దుస్తులు, దీపాల అమరిక, ఆహార్యం అన్నీ నేర్చుకొనాలి. ఈ నాటకంలో రాజవేషం వేసినవాడు వచ్చే నాటకంలో మేకులు కొట్టవలసి ఉంటుంది. రంగాన్ని ఊడ్చే పని కూడ పాఠంలో భాగమే. గురువు తానే ఆ పనికి పూనుకొనేవాడని శిష్యులు చెప్పుకొనేవారు. రవీంద్రభవన్ ఆవరణలో చెట్టుక్రింద వెలసిన ‘మేఘదూత్’ ఆరుబయలు రంగస్థలం ఆ కాలపు కృషి ఫలితమే. వేషం దొరకనివాడు పనిలేనివాడు కాడని ఈ పద్ధతి స్థాపించినది. భూమికల పంపకంలోని బాధను అది పూర్తిగా పోగొట్టలేదు. దాని వాడిని తగ్గించినది.

రెండవ నియమం సంస్థా నిర్మాణంలో ఉన్నది. 1962లో మోహన్ రాకేశ్ ‘ఆషాఢ్ కా ఏక్ దిన్’, 1963లో ఫిరోజ్‌షా కోట్లా శిథిలాలమధ్య ధర్మవీర భారతి ‘అంధాయుగ్’ ప్రదర్శించిన తరువాత ఢిల్లీ ప్రేక్షకులు విద్యార్థులనుంచి వృత్తినటుల స్థాయిని ఆశించసాగినారు. ఆ ఆశను తీర్చబోతే, ప్రతి నాటకంలోనూ ఆ నలుగురికే వేషాలు ఇవ్వవలసివస్తుంది. 1964లో పట్టభద్రులతో ప్రత్యేకంగా రెపర్టరీ బృందం ఏర్పడినది. 1974లో పురానాకిలాలో మనోహర్ సింగ్ తుగ్లక్‌గా నటించిన గిరీశ్ కర్నాడ్ నాటకం ఆ బృందపు ప్రదర్శనే. జనానికి చూపవలసిన నాటకం ఒకరి బాధ్యత, నేర్చుకొనటానికి ఆడే నాటకం మరొకరి హక్కు అన్న విభజన దీనివల్ల సాధ్యమైనది. విద్యార్థి తప్పు చేయటానికి కూడ చోటు కావాలి.

ఈ విద్యాలయం తీర్చలేకపోయిన సమస్య భాష. దేశం నలుమూలలనుంచి వచ్చిన విద్యార్థులు ప్రధానంగా హిందీలో నటించాలి. తెలుగు, మలయాళం, మణిపురి మాతృభాషగా గలవానికి ఉచ్చారణ ఒక అదనపు పరీక్ష. సింహళంలో ఇంగ్లీషు చేసిన పనిని ఇక్కడ హిందీ చేయగలదు. ఇంఫాల్‌నుంచి వచ్చి 1974లో శిక్షణ ముగించిన రతన్ థియమ్ 1976లో తన ఊరికి తిరిగివెళ్లి కోరస్ రెపర్టరీ థియేటరు స్థాపించాడు. అక్కడి నటులు సేద్యం చేస్తారు, రంగోపకరణాలు తామే తయారుచేసికొంటారు, తమ భాషలో ఆడుతారు. ఢిల్లీలో నేర్చిన శ్రమనియమం అక్కడ నిలిచినది, భాషానియమం మారినది.

నియమం మౌనంగా ఉన్నచోట ఏమి జరుగుతుందో తెలుసుకొనటానికి నాటకరంగానికి ఇరుగుపొరుగైన చలనచిత్రరంగంవైపు చూడాలి. 1970ల మధ్యకాలంలో పూనా చలనచిత్ర విద్యాసంస్థలో, దర్శకత్వ విద్యార్థులు తమ పట్టాచిత్రాలలో నటనాశాఖ విద్యార్థులను కాక బయటివారిని తీసికొంటున్నారని నటనావిద్యార్థులు సమ్మెకు దిగినారు. గిరీశ్ కర్నాడ్ అప్పుడు సంస్థాధిపతి. సమ్మె చేసినవారిలో నసీరుద్దీన్ షా ముఖ్యుడు. దర్శకుడు తన చిత్రానికి తగిన ముఖాన్ని ఎన్నుకొనే స్వేచ్ఛ తనదన్నాడు. నటుడు తాను నేర్చిన విద్యను చూపే అవకాశం తనదన్నాడు. ఇద్దరూ విద్యార్థులే, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. ఆ కలహం నడిచిన తరువాత కూడ కర్నాడ్ నసీరుద్దీన్ పేరును శ్యాం బెనెగల్‌కు సూచించటం, ‘నిశాంత్’లో అతనికి వేషం లభించటం ఆ గురువు హృదయవైశాల్యానికి సాక్ష్యం. నటనాశాఖ మాత్రం 1976లో మూతబడి, 21వ శతాబ్దం వచ్చినదాకా తిరిగి తెరువబడలేదు.

ఈ వృత్తాంతాలన్నీ కలిపి చూస్తే, విద్యాలయంలో వేషాల పంపకాన్ని నటుని తగుదలను బట్టి మాత్రమే నిర్ణయించరాదని స్పష్టమవుతుంది. తగుదల అన్నది చాలావరకు అప్పటికే దొరికిన అవకాశాల ఫలితం. 1926కు ముందు బంగాళపు ఆడపిల్ల నృత్యానికి తగదనుకొన్నారు. 1956కు ముందు సింహళభాష గంభీరనాటకానికి చాలదనుకొన్నారు. ఎవరో ఒకరు వేషం ఇచ్చిన తరువాతనే ఆ తగుదల బయటపడినది. పురుషుడు స్త్రీవేషం ధరించటమూ అంతే. స్త్రీకి ద్వారం మూసి చేసినప్పుడు అది అన్యాయం. ద్వారం తెరిచి ఉన్నప్పుడు, పరజన్మలో ప్రవేశించటం నేర్చుకొనటానికి స్త్రీపురుషులిద్దరూ చేసే అభ్యాసమైనప్పుడు, అది నటవిద్య. శాస్త్రం రెండింటికీ ఒకే పేరు పెట్టినా చరిత్ర వాటిని వేరుచేసి చూపుతున్నది.

విద్యాలయంలో ఏటేటా పాతవారు వెళ్లుతారు, కొత్తవారు వస్తారు. వారితోపాటు కొత్త కంఠాలు, కొత్త భాషలు, ఇదివరకు రంగం మెట్లు ఎక్కని ఇండ్ల పిల్లలు వస్తారు. అందువల్ల భూమికల పట్టిక ఏటేటా మళ్లీ వ్రాయవలసినదే. దానిని వ్రాసే ఆచార్యుడు నాటకం కోరేవారిని ముందు లెక్కించుకొన్న తరువాత, గోడప్రక్కన నిలిచి ఇంకా పిలుపు అందనివారు ఎవరో కూడ చూడవలసి ఉంటుంది.